కుడి పక్కన చిక్కుడు చేను

ముందు చప్పుడు వినిపించేది. సరస్సు మీది మంచు ఇంకా విడవకముందే, మా ఫెలియా ఊరి పడమటి వాకిలి అవతల, ఖంగుమని ఒక దెబ్బ. కాస్త ఆగి ఇంకొకటి. అది గుడిగంట మోత కాదు, కొలిమి మోతా కాదు. లోపల ఏమీ లేని కంచు నోరు తెరుచుకుని అరిచినట్టుండేది. ఆ మోతకి చిక్కుడు చేలోంచి కాకులు లేచేవి. కాకుల వెనక మంచు లేచేది. మంచు వెనక నుంచి సామిఖ వచ్చేది, ఎడమ చేతిలో వాళ్ళ తాత యుద్ధానికి పెట్టుకెళ్ళిన టోపీ, కుడి చేతిలో గరిటె.

ఆ టోపీని ఒకే కంచు రేకుతో సాగగొట్టి చేశారు. తలనీ, మెడనీ, బుగ్గల్నీ కలిపి మూసేస్తుంది. కళ్ళకి రెండు సందులు, నోటికి ఒక చీలిక, అంతే. చెవుల దగ్గర చిల్లులు లేవు. అది పెట్టుకున్నవాడికి లోకం ఒక సన్నని పాయలో కనిపించేది, వినిపించేది మాత్రం తన ఊపిరే. తాతగారు ఆ టోపీతోనే పెద్ద పెద్ద యుద్ధాలు చేసి వచ్చారు. ఏం జరిగింది తాతా అని అడిగితే, ‘ఎవరో ఏదో అరిచారు, మేం గెలిచాం’ అని మాత్రం చెప్పేవారట.

వాళ్ళ నాన్న కాలానికి చెవుల దగ్గర కోసి తెరిచారు. మా కాలం వచ్చేసరికి బుగ్గలు కూడా పోయి, గొర్రెల కాపరి ఉన్ని టోపీనే కంచులో చేసి నెత్తిన బోర్లించినట్టయింది. పక్కవాడు కనపడాలి, వెనకవాడు వినపడాలి అని మగవాళ్ళకి తట్టడానికి ఇన్ని తరాలు పట్టిందా అని సామిఖ నవ్వేది. తాత టోపీ తన చేతిలో ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందని, అది మనుషుల్ని ఎలా భయపెట్టిందో తెలీదు గాని కాకులకి మాత్రం అదంటే హడలని అనేది.

ఆమెని ఊళ్ళో మాలాంటి వాళ్ళందరం అత్తా అని పిలిచేవాళ్ళం. భర్త జ్వరంతో పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. వసంతంలో చిక్కుడు చేను, చలికాలంలో నార కవచాలు. అవిసె నారబట్టని పొరమీద పొర పెట్టి, జిగురు పూసి, రాళ్ళ కింద అణచి, ఆరాక చొక్కా ఆకారంలో కోసేది. ఆమె తాత వేసుకున్నది గంటలాంటి కంచు చొక్కా, ఎండలో కాలేది, వానలో వణికించేది. నార కవచం అయితే వంగితే వంగుతుంది, పరిగెత్తితే పరిగెడుతుంది. ఆమె ఇంటి ముందు నుంచి వెళ్తే చలికాలమంతా జిగురు ఉడుకుతున్న వాసన వచ్చేది. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం.

నేను సరస్సులో రెల్లు కోసేవాణ్ణి. మంచి రెల్లు వేణువులు చేసేవాళ్ళకి, మిగిలింది ఇళ్ళ కప్పులకి. డాలు కొనుక్కునే స్తోమత ఉంది కాబట్టి నన్ను ఊరి కాల్బలంలో ముందు వరుసలో పెట్టారు. కుడి చివర నిలబడేవాడు ఆస్కొందాస్, సామిఖకి మరిది. అతని ఎడమ పక్కన నేను. కుడి కొస అంటే గొప్ప చోటు. ఊరిలో అందరికంటే గుండె గలవాణ్ణి అక్కడ నిలబెడతారు. ఆస్కొందాస్ అలాంటివాడే, అది తనకి తెలిసినవాడు కూడా. గడ్డం దువ్వుకోకుండా కవాతుకి వచ్చేవాడు కాదు.

ఊరి కవాతు బీడు పొడుగాటిది, దారం పరిచినట్టు ఉంటుంది. దక్షిణం కొస నుంచి ఉత్తరం కొసన ఉన్న తెల్లరాయి దాకా నడవాలి. కుడిపక్క పొడుగునా గట్టు, గట్టు దాటితే సామిఖ చేను. ఏటా వసంతంలో, చిక్కుళ్ళు మోకాలెత్తు వచ్చి పూత మీద ఉన్నప్పుడు, అథీనా దేవి పండుగకి ముందు ఊరి మగవాళ్ళందరం బారులు తీరి ఆ బీట్లో నడిచేవాళ్ళం. వేణువు వాడు వాయించేవాడు. అడుగు అడుగుతో కలిసేది. డాలు డాలుతో కలిసేది. తెల్లరాయి దగ్గరికి చేరేసరికి మేం తెల్లరాయి దగ్గర ఉండేవాళ్ళం కాదు. సామిఖ చేలో ఉండేవాళ్ళం, సగం మంది.

ఎందుకో చెప్పాలంటే డాలు గురించి చెప్పాలి. మా తాతల తాతల డాలుకి మధ్యలో పిడి ఉండేది, మెడకి వేలాడే తోలుపట్టీ ఉండేది. ఎవడి డాలు వాడిది. ఎవడి చావు వాడిది. ఎదురెదురుగా నిలబడి తలా ఒక ఈటె విసురుకుని, తిట్టుకుని, వెనక్కి పరిగెత్తేవాళ్ళు. తర్వాత ఏ మహానుభావుడో డాలు మధ్యలో మోచేతికి కడియం, అంచున వేళ్ళకి తాడు పెట్టాడు. అప్పటినుంచి డాలు బరువు చేతికి తగ్గింది. కానీ డాలులో సగం నీ ఎడమవైపు నీకు అక్కరలేకుండా బయటికి పొడుచుకొచ్చింది. అది నీకు కాదు. నీ ఎడమ పక్కవాడి కుడి డొక్కకి. నీ కుడి డొక్కని కాచేది నీ కుడి పక్కవాడి డాలు. ఒక ఊరి మగవాళ్ళందరూ ఒకరి సగంలో ఒకరు దాక్కుని బతకడం అప్పుడు మొదలైంది. లోకంలో ఇంతకంటే అందమైన ఏర్పాటు నేను చూడలేదు.

దాంట్లో ఉన్న చిక్కల్లా ఒకటే. ప్రతివాడూ తెలియకుండానే కాస్త కుడికి ఒత్తుకుంటాడు, పక్కవాడి డాలు నీడలోకి. ఆ కాస్తా కాస్తా కలిసి, బారు మొత్తం వాగులో ఆకులా కుడికి తేలిపోతుంది.

ఇది అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. విప్పితే, ‘నా డొక్క వణికింది, అందుకే పక్కకి ఒదిగాను’ అని ఒప్పుకున్నట్టే. మా ఊళ్ళో భార్యని కొట్టినా కొంతకాలానికి మరిచిపోతారు, వరుసలో వణికాడన్న మాట మనవలదాకా పోతుంది. అందుకని సామిఖ చేను ఎందుకు తొక్కుడు పడిందంటే ఒక ఏడు మేకలన్నారు. ఒక ఏడు బీడు కుడికి వాలు ఉందన్నారు, నీళ్ళు పోసి చూస్తే నీళ్ళు కదల్లేదు. ఆ గట్టు కింద ఎవరో వీరుడి సమాధి ఉందనీ, అది మగవాళ్ళని రమ్మని పిలుస్తుందనీ ఒక ముసలాయన కనిపెట్టాడు. సామిఖ ఊరి సభ ముందు నిలబడి విరిగిన మొక్కలు చూపిస్తే, దళపతి ఎంపెడోన్ చాలాసేపు ఆలోచించి, మొహంలో ఏ తేడా లేకుండా ఇలా అన్నాడు:

“మేం తిన్నగానే నడుస్తున్నాం సామిఖా. నీ చేనే ఏటా కాస్త ఎడమకి జరుగుతున్నట్టుంది.”

సభలో ఒక్కడూ నవ్వలేదు. అందరూ గంభీరంగా తలూపారు.

ఎంపెడోన్ చెడ్డవాడు కాదు. తిన్నగా నడుస్తున్నామన్న నమ్మకం మీద ఊరంతా నిలబడి ఉంది, దాన్ని తాను పడగొట్టకూడదనుకున్నాడు, అంతే. ఆ ఏడు సభ ఒక తీర్మానం చేసింది. పంట నిలవని చేను చేను కాదు. వచ్చే వసంతంలో కూడా చిక్కుళ్ళు పండుగ దాటి నిలబడకపోతే, ఆ నేలని కవాతు బీట్లో కలిపేస్తారు. సామిఖకి బదులుగా సరస్సు ఒడ్డున చిత్తడి నేల ఇస్తారు. అక్కడ ఏం పండుతుందని ఆమె అడిగింది. ఎవరికీ తెలీదు. అప్పటిదాకా అక్కడ పండినవి కప్పలే.

“అయితే కప్పలకి పందిళ్ళు వెయ్యమంటారా?” అంది. దానికి కూడా అందరూ గంభీరంగానే ఉన్నారు.

ఆమె నవ్వుతూ అడిగినా, ఇంటికొచ్చాక గుమ్మంలో కూర్చుని చేనుకేసి చూస్తూ ఉండిపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ చేను ఆమె భర్తతో కలిసి రాళ్ళేరి చేసిన చేను. ఏరిన రాళ్ళే ఆ గట్టు.

చలికాలం చివర నా కవచం బాగుచేయించుకోడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. ఆస్కొందాస్ అప్పటికే అక్కడ ఉన్నాడు, తన కవచం ఒళ్ళో పెట్టుకుని, జిగురు కుండ దగ్గర చలి కాచుకుంటూ. సామిఖ రెండు కవచాలూ పక్కపక్కన పరిచి చేత్తో తడిమి చూసింది. నా కవచం కుడి డొక్క దగ్గర నార అరిగి నున్నగా మెరుస్తోంది, నది రాయిలా. ఆస్కొందాస్ డాలు అంచు అక్కడ రాసుకుని రాసుకుని అలా అయింది. అతని కవచం కుడివైపు మటుకు నిన్న కోసినట్టే ఉంది.

“ఏం మరిదీ, ఈ అబ్బాయి నిన్ను ఆనుకుని నడుస్తాడు. నువ్వెవర్ని ఆనుకుంటావ్?”

“చివరివాణ్ణి వదినా. నా పక్కన ఎవరుంటారు?”

“మరి అటుపక్క ఏముంటుంది?”

“గౌరవం ఉంటుంది.”

“ఎంత మందం ఉంటుందయ్యా అది? ఈటె దిగదా?”

అతను గడ్డం దువ్వుకున్నాడు. నేను కుండలోకి చూస్తూ కూర్చున్నాను. జిగురు బుడగలు మెల్లగా లేచి మెల్లగా పగులుతున్నాయి. అతను, గొంతు బాగా తగ్గించి, ఆ గదిలో కుండకి మాత్రమే చెబుతున్నట్టు అన్నాడు:

“అటుపక్క కొంచెం గాలి తగుల్తుంది. అంతే.”

“అంతేగా,” అంది సామిఖ. “గాలే కదా. తగలకుండా చూద్దాంలే.”

ఏం చేస్తుందో మా ఇద్దరికీ చెప్పలేదు. అంతకుముందు ఏడు ఆమె గట్టు పొడుగునా ముళ్ళకంప పరిచింది. మా పిక్కలకి కంచు రేకులుంటాయి కాబట్టి కంపని కూడా తొక్కుకుంటూ వెళ్ళాం. ఇంకేం చేయగలదులే అనుకున్నాను.

పండుగ రోజు వచ్చింది. సరస్సు మీంచి గాలి చల్లగా, పలచగా వీస్తోంది. ఎండ ఒక్కొక్క డాలునీ ముట్టుకుని పలకరిస్తోంది. ఆ ఏటి కొత్త టోపీలన్నీ తళతళలాడుతున్నాయి. బీడు ఎడమపక్క, ఉత్తరం కొసన, వంటవాళ్ళు పొద్దున్నుంచే పొయ్యిలు పెట్టారు. యవల రొట్టెలు కాలుతున్నాయి. పెద్ద పెద్ద తొట్లలో మా సరస్సు మలుగు చేపలు, పాముల్లా మెలికలు తిరుగుతూ, ప్రాణంతో ఉన్నాయి. కవాతు అయ్యాక వాటిని బీట్ దుంప ఆకుల్లో చుట్టి కాల్చడం మా ఊరి పద్ధతి. తొట్లలో అన్నిటికంటే పెద్దది సామిఖదే. పొద్దున్నే తనే దొర్లించుకొచ్చి అక్కడ పెట్టి వెళ్ళింది.

మేం దక్షిణం కొసన, నడక మొదలుపెట్టే చోట కట్టిన తాడు దగ్గర బారులు తీరాం. నా కుడి డొక్క ఆస్కొందాస్ డాలు వెనక వెచ్చగా ఉంది. అప్పుడు గట్టు మీద ఆమె కనిపించింది.

తాత డాలు మోచేతికి తగిలించుకుని నిలబడింది. కంచు ఊడిపోయి చెక్క కనిపిస్తోంది, దానిమీద ఒకప్పుడు గీసిన కోడిపుంజుకి ఇప్పుడు తోకే మిగిలింది. పొడుగాటి వస్త్రాన్ని నడుముకి ఎత్తి కట్టింది. డాలు ఆమె ఎడమ చేతిన ఉంది. అంటే డాలులో సగం ఆమెకి, సగం గట్టు దిగువన నిలబడ్డ ఆస్కొందాస్ కుడి డొక్కకి.

ఎంపెడోన్ పరుగున వచ్చాడు. ఆడవాళ్ళు బారులో నిలబడ్డం ఎక్కడా లేదన్నాడు. ఆమె తాను బారులో లేనంది.

“నేను మీ బీట్లో లేనయ్యా. నా గట్టు మీదున్నాను. మీరు తిన్నగానే నడుస్తారు కదా? అయితే మీకూ నాకూ తగాదా ఎక్కడొస్తుంది?”

కాదంటే, మేం ఆ గట్టు ఎక్కుతామని దళపతే ఒప్పుకున్నట్టు. వెనక వరుసల్లో ఎవరో దగ్గినట్టు నటించి నవ్వారు. ఎంపెడోన్ వేణువు వాడి వైపు తిరిగి, వాయించమని సైగ చేశాడు.

వేణువు లేచింది. నడిచాం.

మొదటి కొన్ని అడుగులు మామూలుగానే ఉన్నాయి. తర్వాత నాకు ఏదో తేడాగా అనిపించింది, కాసేపటిదాకా అదేమిటో తెలియలేదు. ఏటా ఈ పాటికి ఆస్కొందాస్ డాలు నానుంచి మెల్లగా దూరం జరిగేది, నేను దాని వెంట జరిగేవాణ్ణి, నా వెంట ఇంకొకడు. ఇవాళ ఆ డాలు జరగలేదు. ఉన్నచోటే ఉంది. కాబట్టి నేనూ ఉన్నచోటే ఉన్నాను. నా డాలు కదల్లేదు కాబట్టి నా ఎడమ పక్కవాడు కదల్లేదు. ఒక దీపం నుంచి ఇంకో దీపం వెలిగించుకుంటూ పోయినట్టు ఆ నెమ్మది కుడి కొస నుంచి ఎడమ కొస దాకా పాకింది. అడుగుల చప్పుడు మారింది. ఎవరూ ఎవర్నీ తోసుకోవడం లేదు. నూరు మంది ఒకే ఛాతీతో ఊపిరి తీస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా ఊరు తిన్నగా నడుస్తోంది.

గట్టు మీద సామిఖ మాతో పాటే వస్తోంది. అడుగు కలపడం ఆమెకి రాదు, ఒక్కోసారి రెండు చిన్న అడుగులు, ఒక్కోసారి ఒక పెద్ద అడుగు. డాలు మాత్రం దించలేదు.

తెల్లరాయి దగ్గరపడింది. తిన్నగా, మా ఎదురుగా. అంత అందంగా అది అదివరకెప్పుడూ కనిపించలేదు. ఆ సంతోషంలో ఎడమ కొస గురించి ఎవరికీ తట్టలేదు.

బారు ఏటా కుడికి తేలిపోతుంది కాబట్టి, బీడు ఎడమ మూల ఏటా ఖాళీగా ఉండిపోతుంది. అందుకే వంటవాళ్ళు పొయ్యిలు అక్కడ పెట్టుకుంటారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు. ఇప్పుడు ఊరి ఎడమ కొస తిన్నగా, బుద్ధిగా, వెనక వరుసలు వీపుల మీద నెడుతుంటే ఆగే దారి లేక, వేణువుకి అడుగు కలుపుతూ, మలుగు తొట్లలోకి నడిచింది.

ఆ చప్పుడు నేను చూడకముందే విన్నాను. తొట్లు తిరగబడ్డాయి. నీళ్ళు, చేపలు ఒక్కసారి నేల మీదికి వచ్చాయి. శత్రువు గుర్రాలకి బెదరని మనుషులు ఈటెలు వదిలేసి గెంతుతున్నారు. ఒకడి పిక్క రేకులోకి చిన్న మలుగు దూరింది, అది బయటికి వచ్చేదాకా అతను చేసిన నాట్యం ఏ పండుగలోనూ చూడలేదు. మాలో ఎంతోమంది, తల్లులు ‘డాలు మోసుకురా, లేదా శవమై డాలు మీద రా’ అని కొడుకుల్ని పంపిన ఇళ్ళలో పుట్టినవాళ్ళే. అయినా ఆ రోజు బీడంతా డాళ్ళు బోర్లా పడున్నాయి. ఎంపెడోన్ వరుసని నిలబెట్టబోయి తానే జారి, మలుగుల మధ్య చతికిలబడ్డాడు.

వేణువు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వంటల పెద్దమ్మ, చేతిలో అట్లకాడతో, నిజంగా అర్థంకాక అడిగింది:

“ఇటెందుకొచ్చారయ్యా? ప్రతేడూ అటు పోయేవాళ్ళుగా!”

ఊరంతా ఇన్నేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట, అట్లకాడ ఊపుతూ ఎండలో పెట్టేసింది ఆ ముసలమ్మ. మేం వంటవాళ్ళవైపు చూశాం. పొయ్యిల వైపు చూశాం. ఎవరు పెట్టారు ఆ పొయ్యిలు అక్కడ? మా భార్యలు, మా అక్కలు, మా అమ్మలు. వాళ్ళందరికీ ఎప్పుడూ తెలుసు. ఆ తొట్లలో అన్నిటికంటే పెద్దది సామిఖదే మరి.

ముందు నవ్వింది ఆస్కొందాస్. కుడి కొస వీరుడు, దువ్విన గడ్డం వాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, అందరికీ వినపడేలా అన్నాడు:

“అటుపక్క గాలి తగిలేదర్రా. అందుకే పోయేవాణ్ణి.”

దాంతో కట్ట తెగింది. నీ డాలు వెనక దూరేవాణ్ణని ఒకడు, నీ నడుం పట్టుకోబోయి సిగ్గుపడ్డానని ఇంకొకడు. నా ఎడమ పక్కవాడు నా డొక్కలో పొడిచి, ‘నువ్వు లావెక్కాక నాకు నీడ పెరిగింది’ అన్నాడు. వణికిన సంగతి చెప్పుకుంటూ మనుషులు అంతగా మెరవడం నేను మళ్ళీ చూడలేదు. పారిపోతున్న మలుగుల్ని టోపీలతో ముంచి పట్టుకున్నాం. కాపరి టోపీ ఆకారం ఆ పనికి బ్రహ్మాండంగా సరిపోయింది. ఎంపెడోన్ కూర్చున్నచోటి నుంచి లేవకుండానే రెండు పట్టాడు. చివరికి అతను కూడా నవ్వాడు, అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు.

నేను గట్టు వైపు తిరిగి చూశాను. చేను నిలబడి ఉంది. తెల్లటి పూత, నల్లటి మచ్చలతో, గాలికి తలలాడిస్తోంది. చివరి మడిలో మాత్రం కొన్ని మొక్కలు విరిగి పడున్నాయి, వాటి మధ్య సామిఖ, డాలు నేలకి ఆనించి, తన పాదాలకేసి చూసుకుంటోంది. గట్టు ఆమెకి ఎడమవైపు ఉంది. ఎప్పుడు దిగిందో ఆమెకే తెలీదు.

ఆస్కొందాస్, నేను పరుగున వెళ్ళాం. ఆమె ఒక విరిగిన కొమ్మ తీసి చూపించింది.

“నాక్కూడా తగిలిందిరా గాలి,” అంది. “ఇటుపక్క ఎవరూ లేరు కదా. కాలు దానంతటదే పోయింది. మొక్క చిట్లిన చప్పుడు వినబడి ఆగాను గాని, లేపోతే మీకంటే ఎక్కువ తొక్కేదాన్ని.” తర్వాత మరిది వైపు తిరిగింది. “ఇన్నేళ్ళు ఆ కొసన నిలబడి ఇంతే తొక్కావంటే నువ్వు నిజంగా మొనగాడివేనయ్యా.”

అతనికి ఊరు ఎన్నో దండలు వేసింది. ఆ మాటకి తల వంచినట్టు వేటికీ వంచలేదు.

చిక్కుళ్ళు పండుగ దాటి నిలబడ్డాయి. చేను చేనుగానే మిగిలింది, కప్పలు సరస్సు ఒడ్డున సుఖంగా ఉండిపోయాయి. తర్వాతి సభలో ఎంపెడోన్ లేచి, మన బారుకి ‘సామిఖ వాలు’ అనేది ఒకటి ఉందని, దాన్ని లెక్కలోకి తీసుకోవడం పెద్ద యుద్ధనేర్పు అని వివరించాడు. ఆ పేరు అతనే పెట్టాడు. మరుసటేడు నుంచి తాడుని ఎడమకి జరిపి కట్టారు, పొయ్యిలు కుడిపక్క గట్టు నీడకి వచ్చాయి. మేం ఎప్పట్లాగే ఒకరి సగంలో ఒకరు ఒదిగి, హాయిగా కుడికి తేలుతూ వెళ్ళి, సరిగ్గా తెల్లరాయి దగ్గర తేలేవాళ్ళం. పక్క ఊరివాళ్ళు వచ్చి చూసి, ఆహా ఎంత తిన్నగా నడుస్తున్నారు అని మెచ్చుకుని వెళ్ళారు. మేం గంభీరంగా తలూపాం.

కాలం నడిచింది, తన వాలున తాను. పెద్ద ఊళ్ళవాళ్ళు బారు ఎడమ రెక్కని వరుస మీద వరుస పేర్చి లావు చేయడం నేర్చారు. ఉత్తరాన్నించి కొత్తరకం దండు వచ్చింది, రెండు చేతులా పట్టుకునే పొడుగాటి ఈటెలతో. చేతులు ఖాళీ లేవు కాబట్టి డాళ్ళు చిన్నవైపోయి, పూర్వకాలపు మెడపట్టీ మళ్ళీ వచ్చింది. దాన్ని చూపిస్తే సామిఖ ఆశ్చర్యపోలేదు. మా తాతల తాతలు కూడా ఇలాగే తగిలించుకునేవాళ్ళంది. రెండు చేతులూ ఈటెకే ఇచ్చేస్తే పక్కవాడి డొక్క సంగతి ఎవరు చూస్తారని మాత్రం అడిగింది.

ఆమెని చివరిసారి చూసింది ఒక శరత్కాలపు పొద్దున. నా జుట్టు అప్పటికి పూర్తిగా నెరిసింది. ఆమె బాగా వంగిపోయింది, అయినా చేలోనే ఉంది. విత్తనాలు వేసి అప్పటికి కొన్నాళ్ళే అయింది, మట్టిలోంచి పచ్చటి ముక్కులు బయటికి చూస్తున్నాయి. నేను సరస్సుకి వెళ్తూ ఆగాను. ఆస్కొందాస్ కీళ్ళనొప్పుల గురించి, కొత్త రెల్లు గురించి మాట్లాడుకున్నాం. ఒక గుప్పెడు వేయించిన చిక్కుడు గింజలు నా చేతిలో పోసింది. వెళ్ళొస్తానత్తా అని చెప్పి, నములుతూ, గట్టు పక్కన నడక సాగించాను. మంచు పలచబడుతోంది. చేతిలో డాలు లేదు, పక్కన మనిషి లేడు, ఎదురుగా శత్రువూ లేడు. మనసు ఎక్కడో ఉంది. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

“కుడికి పోతున్నావురా అబ్బాయ్. మొక్కలు చూసుకో.”